సేవా నివేదిక

నెలాఖరు ఆదివారం, ఆరాధన అయ్యాక
చాపల మీద మేం పాతికమందిమి.
దేవసహాయమ్మగారు రిజిస్టరు తెరిచారు.
ఎన్ని ఇళ్ళు దర్శించారు, ఎన్ని కరపత్రాలు పంచారు,
ఎంతమంది రోగుల దగ్గర ప్రార్థన చేశారు.
పెన్ను మూత పళ్ళతో లాగి
ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నారు.

సుగంధమ్మ పన్నెండిళ్ళంది.
మార్తమ్మ పెదకాకాని దాకా వెళ్ళొచ్చిందట, నడిచి.
నా వంతొచ్చింది.
"ఏం లేదండీ" అన్నాను.
ఆవిడ గీత గీశారు. చిన్న గీతే.
స్కేలు లేకపోయినా తిన్నగా వచ్చింది.

సంగడిగుంట దాకా ఆ గీత నాతోనే నడిచింది.

నేను మిర్చియార్డులో తొడిమలు తీస్తాను,
జనవరి నించి ఎండలకి యార్డు మూసేదాకా.
తేజ రకం దిగిన రోజున
సబ్బుకీ చింతపండుకీ మజ్జిగకీ
లొంగదు చేతిమంట.
నతనయేలు పుట్టిన ఏడు
పాలకేడ్చే వాణ్ణి వేళ్ళతో ముట్టలేదు.
మోచేతుల మధ్య ఎత్తుకున్నాను,
విస్తరి ఎత్తినట్టు.
ముక్కు చీదించడం, కళ్ళు తుడవడం ఆయన పని.
ఆటో ఆపి, ఖాకీ చొక్కాతోనే
కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళుపోసేవాడు.
వాడి గోళ్ళు కూడా ఆయనే తీసేవాడు,
లాంతరు బుడ్డంత జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి.
చూస్తూ అనుకునేదాన్ని:
తర్వాత మేకులు దిగిన ఆ చేతులకి
పసితనాన గోళ్ళు తీసిందెవరో.
ఎక్కడా రాయలేదు.

సరే, నా లెక్క నేను చెప్పుకుంటాను.
కెజియాకి పేలు. శనివారం రాత్రి రెండు గంటలు.
నతనయేలుకి ఏడో ఎక్కం రాదు,
ఆరు దాటగానే వాడికి దాహమేస్తుంది.
ఇద్దరికీ జ్వరం ఒకేసారి, వర్షంలో, కరెంటు లేనప్పుడు.
నిద్రపోయేముందు ప్రార్థన:
కెజియా పక్కింటి కుక్క కోసం చేస్తుంది,
ఆమెన్ అన్నాక మళ్ళీ మొదలెడుతుంది, పిల్లల పేర్లు మరిచానని.
నేను కునుకుతూ ఆమెన్ అంటాను. అదీ సేవేనేమో. తెలీదు.

ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.
కోతపండుగ కానుక కవర్లోంచి
వాడు ఇరవై రూపాయలు తీశాడు. గోలీసోడాకి.
అడిగితే లేదన్నాడు.
యార్డు నించి అప్పుడే వచ్చాను, చేతులైనా కడగలేదు.
కొట్టాను.
దెబ్బ ఒక్కటే. మంట గంటసేపు.
కన్ను మూసుకుపోయింది వాడికి.
కెజియా బిందె తెచ్చి నీళ్ళు పోస్తుంటే
నేను నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను,
దొంగని నేనైనట్టు.

రాత్రి వాడి మంచం పక్కన మోకరించాను.
"ఒరే, తప్పయిపోయింది. నన్ను క్షమించరా."
పెద్దవాళ్ళెవరూ వాణ్ణి ఆ మాట అడగలేదు ఇదివరకు.
ఏం చెయ్యాలో తోచలేదు వాడికి.
దిండు కింద వెతికి
సగం కొరికిన వేరుశెనగ చెక్క తీశాడు,
దూది అంటుకుని ఉంది.
అందుకోబోతే
"నీ చెయ్యి వద్దు, నోరు తెరువు" అన్నాడు.

తెరిచాను.

మర్నాడు ఇద్దరం వెళ్ళి అయ్యగారికి ఇరవై ఇచ్చొచ్చాం.
వాడు చెప్పాడు తను చేసింది.
నేను చెప్పాను నేను చేసింది.

మళ్ళీ నెలాఖరు. మళ్ళీ చాపలు.
"ఒక ఇల్లండీ" అన్నాను.
"ఎవరిది?"
"మాదే."
ఎవరో నవ్వారు. దేవసహాయమ్మగారు నవ్వలేదు.
గీతా గీయలేదు, అంకే వేయలేదు.
పెన్ను మూత పెట్టి, నా వంక చూసి,
"నా పెద్దాడి గోళ్ళు నేను తీసిన గుర్తే లేదమ్మా"
అని, తర్వాతి పేరు పిలిచారు.

కిటికీ బయట వేపచెట్టు కింద
నతనయేలు అరుస్తున్నాడు:
ఏడారులు నలభై రెండు,
ఏడేళ్ళు నలభై... నలభై ఏడు.
ఏడు డెబ్బైల మాట తర్వాత, నాయనా,
ముందు ఇది రావాలి.
ముగింపు ప్రార్థనకి ఆగకుండా లేచాను.